ఐదు శనివారాల సంజాయిషీ

హాంకాంగ్, షామ్‌షుయ్‌పో నుండి

కుటుంబ న్యాయస్థానం రిజిస్ట్రారు గారి సముఖమునకు,
మోక్ కామ్‌ఫాయ్, మినీబస్సు డ్రైవరు, దిగువ కేసులో ప్రతివాది, వ్రాసుకొను అర్జీ.

విషయం: నా కుమార్తె యాన్‌కీని, వయస్సు ఎనిమిది, వరుసగా ఐదు శనివారాలు ఆమె తల్లికి అప్పగించనందున నాపై దాఖలైన కోర్టు ధిక్కారం కేసులో, నా కారణమును జడ్జీగారు ఒక్కరే వినునట్లును, ఎదుటి పక్షమునకు దాని నకలు పోకుండునట్లును ఏర్పాటు చేయుటకై మనవి.

అయ్యా,

తమ సముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. తమ కోర్టువారు రెండేళ్ళ కిందట దయచేసిన ఉత్తర్వు ప్రకారము పాప నా దగ్గర ఉండవలెను. ప్రతి శనివారం ఉదయం పది గంటలకు నేను స్వయముగా పాపను ఆమె తల్లి, ఫిర్యాదీ అయిన యిక్ సౌలిన్ ఇంటి గుమ్మం వరకు తీసుకువెళ్ళి అప్పగించవలెను. ఆదివారం సాయంత్రం తిరిగి తెచ్చుకొనవలెను. గుమ్మం వరకు అన్న మాట ఎందుకు పడిందో తమ ఫైల్లో ఉంటుంది. అంతకు ముందు రైలు స్టేషన్లో అప్పగించుకునేవాళ్ళం. ఒకసారి టిక్కెట్ గేట్ల ముందు ఇద్దరం అరుచుకుంటుంటే పాప స్తంభం వెనక్కి పోయి చెవులు మూసుకుని కూర్చుంది. అది తెలిసి సంక్షేమాధికారి ఇకపై గుమ్మం దగ్గరే అని రాయించారు. మంచి పనే చేశారు.

ఆ ఉత్తర్వు మొదటి పేజీ మీద, పాటించనిచో జైలుకు పంపబడుదువు అని లావు అక్షరాలతో ఉంది. చదివాను, అర్థమైంది, సంతకం పెట్టాను. తెలియక చేశానని గాని, మాటలు స్పష్టంగా లేవని గాని నేను చెప్పుకోను. రెండేళ్ళలో ఒక్క శనివారం కూడా తప్పలేదు. తుఫాను హెచ్చరిక దించీ దించకముందే టాక్సీవాడి కాళ్ళా వేళ్ళా పడి, తడిసిన బూట్లతో ఆ గుమ్మంలో నిలబడిన రోజు కూడా ఉంది. ఆ రోజు ఫిర్యాదీయే నాకు తువ్వాలు ఇచ్చింది.

2. ఫిర్యాదీ అఫిడవిట్ ప్రకారము నా నేరములు ఇవి. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు శనివారాలు పాపను తీసుకురాలేదు. ఫోను చేస్తే సరైన జవాబు చెప్పలేదు. ఐదో శనివారం మా అమ్మ అంత్యక్రియల హాలు గుమ్మంలో ఆమెను అడ్డగించి, నలుగురిలో అవమానించి, పాపను చూడనివ్వకుండా, పాత అత్తగారికి చివరి నమస్కారమైనా పెట్టనివ్వకుండా తరిమివేశాను.

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్య నడిచిన కాగితాలన్నిటిలో నేను కాదనలేని కాగితం ఇదొక్కటే. చివర్లో నన్ను జైలుకు పంపమనీ, పాపను ఇకపై తన దగ్గరే ఉంచమనీ కోరింది. మొదటిది చదివి భయపడ్డాను. రెండోది చదివాక మొదటిది మర్చిపోయాను.

3. ప్రభుత్వ సహాయం కింద నాకు ఇచ్చిన లాయరు మిస్ షమ్ మంచి మనిషి. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"మోక్ గారూ, ధిక్కారం అంటే మామూలు తగాదాలా పైపైన చూసి తేల్చరు. నేరం కేసంత గట్టిగా రుజువు కావాలి. ఉత్తర్వు స్పష్టంగా ఉందా, అది మీకు తెలుసా, కావాలనే తప్పారా, తప్పడానికి న్యాయమైన కారణం ఉందా. వీటిలో ఎక్కడ సందు దొరికినా మీరు బయటపడతారు."

"స్పష్టంగానే ఉందమ్మా. తెలుసు. కావాలనే చేశాను."

"ఇలా మాట్లాడితే ఇంక నేనెందుకు?"

"నేనూ అదే అనుకుంటున్నాను."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కారణం ఉందా లేదా?"

"ఉంది."

"చెప్పండి మరి."

"చెప్పకూడదు."

"చెప్పకూడనిదాన్ని కోర్టులో కారణం అనరండీ. మొండితనం అంటారు."

ఆ మాట నాకు బాగా తగిలింది. ఒక పూట ఆలోచించి ఆవిడకు చెప్పాను. ఇప్పుడు తమకు చెబుతున్నాను. ఇక్కడి నుంచి రాసేది జడ్జీగారి కళ్ళకు మాత్రమే.

4. సమాధులకు మొక్కే చింగ్‌మింగ్ పండుగ వెళ్ళిన వారంలో మా అమ్మ పోయింది. పాపను పెంచింది ఆవిడే. నేను తెల్లవారకముందే బండెక్కితే, పాపకు జడ వేయడం, గంజి తాగించడం, స్కూలుకు తీసుకెళ్ళడం అన్నీ ఆవిడ. ఈ ఊళ్ళో చచ్చినవాళ్ళు కూడా వరుసలో నిలబడాలన్న సంగతి తమకు తెలియనిది కాదు. హాలు ఖాళీ లేదు, దహనానికి తేదీ లేదు. మాకు నెల దాటాక దొరికింది. అన్నాళ్ళూ అమ్మ ఆస్పత్రి చల్లగదిలో ఉంది, మేము ఇంట్లో మైలలో ఉన్నాం.

మైలలో ఉన్నవాళ్ళు ఒకరి గుమ్మం తొక్కరు. పెళ్ళింటికి పోరు, పురిటింటికి పోరు, కడుపుతో ఉన్న మనిషి దరిదాపులకు పోరు. ఇది నేను కనిపెట్టినది కాదు. మా స్టాండులో కొత్తగా పెళ్ళైన కుర్ర డ్రైవరు ఒకడున్నాడు, ఆ నెలంతా వాడు నా చేతి నుంచి బండి తాళం నేరుగా తీసుకోలేదు. బల్ల మీద పెట్టమనేవాడు. నేను తప్పు పట్టలేదు, వాడి చోట నేనున్నా అంతే చేస్తాను.

ఉత్తర్వు రాయించుకున్నప్పుడు అన్నీ రాయించుకున్నాం. కొత్త సంవత్సరం ఎవరి దగ్గర, నడి శరత్తు పండుగ ఎవరి దగ్గర, పాపకు జ్వరం వస్తే ఎలా, తుఫాను వస్తే ఎలా. ఇంట్లో చావు వస్తే ఎలా అని మాత్రం రాయించుకోలేదు. ఎవరైనా రాద్దామన్నా అప్పుడు అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది, నోట రానిచ్చేవాణ్ణి కాదు.

5. తమరు అడగవచ్చును. ఫిర్యాదీ చర్చికి పోయే మనిషి, ఆమెకు మైల పట్టింపు లేదు, ఆమే రమ్మంటుంటే నీకు మధ్యలో ఏమి అని. ఒట్టి మైలే అయితే తీసుకెళ్ళి, గుమ్మానికి ఇవతల నిలబడి, పాపను లోపలికి పంపి వచ్చేవాణ్ణి.

అమ్మ పోవడానికి ముందటి ఆదివారం పాపను తెచ్చుకున్నాను. సాయంత్రం నా షిఫ్టు ఉండడంతో పాప నా బండిలోనే, నా వెనక సీట్లో కూర్చుంది. జనం ఇంకా ఎక్కలేదు. నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"నాన్నా, మమ్మీ పొద్దున్నే వాంతులు చేసుకుంటోంది. కడుపులో బాబు ఉన్నాడంట. మూడు నెలలు అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదంట. చెబితే బాబు అలిగి వెళ్ళిపోతాడంట."

నేను "ఊఁ" అన్నాను. అంతకంటే ఏమీ అనకూడదు. మూడు నెలలు నిండని కబురు విన్నవాడు విననట్టే ఉండాలి. ఫిర్యాదీకి ముప్పైతొమ్మిదేళ్ళు. రెండో పెళ్ళి చేసుకుని మూడేళ్ళయింది. ఆమె నాకు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. కానీ నాకు తెలిసిపోయింది, ఆ రెండు రోజులకే మా ఇంట్లో చావు వచ్చింది.

6. అమ్మ పోయిన మర్నాడు ఫిర్యాదీకి మెసేజ్ పెట్టాను. అమ్మ పోయింది, కొన్ని వారాలు పాపను తీసుకురావడం వీలుపడదు, అని. వెంటనే ఫోను చేసింది. మొదట ఏడ్చింది. మా అమ్మ కోసం నిజంగానే ఏడ్చింది. తర్వాత అడిగింది.

"వీలుపడకపోవడం ఏంటి? శనివారం నాది."

"బాగుండదు."

"ఎవరికి బాగుండదు?"

"అందరికీ."

"మైల అంటావా? నాకు అవేం లేవని నీకు తెలుసు. బామ్మ పోయి పిల్ల ఏడుస్తుంటే తల్లి దగ్గర ఉండొద్దా?"

"ఉండాలి. ఇప్పుడు కాదు."

"కామ్‌ఫాయ్, కన్నతల్లి చావుని కూడా నా మీదికి వాడుకుంటున్నావు నువ్వు."

నా దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. ఆ మాట అంటే, నీకెలా తెలుసు అంటుంది. ఆ తర్వాత పాపను నిలదీస్తుంది. అందుకని ఊరుకున్నాను. రెండో శనివారం ఫోనులో అరిచింది. మూడో శనివారం అరవలేదు, లాయరు నోటీసు వచ్చింది. నాలుగో శనివారం పాప బ్యాగు సర్దుకుని తలుపు దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుని, తనే బ్యాగు విప్పి బట్టలు అలమరలో పెట్టుకుంది.

ఈ సందర్భములో మిస్ షమ్ అడిగినదే తమరును అడుగుదురు గావున దానిని కూడా వ్రాయుచున్నాను.

"పోనీ, పాపని స్టేషన్లో అప్పగించొచ్చుగా? మీరు గుమ్మం తొక్కక్కర్లేదు."

"మైల గుమ్మానికి కాదమ్మా, మనిషికి. పాప కూడా బామ్మ కోసం మైలలోనే ఉంది. రాత్రి వాళ్ళమ్మ పక్కలోనే పడుకుంటుంది, పొట్ట మీద చెయ్యేసి."

"మీరివన్నీ నమ్ముతారా?"

"నమ్మకం సంగతి కాదు. నమ్మకపోయినా, ఇంకొకరి కడుపు మీద పందెం కాయలేను."

7. ఐదో శనివారం అంత్యక్రియలు. పాప జడలో నూలు పువ్వు పెట్టుకుని, మా అక్క పక్కన కూర్చుని, కాలిస్తే బామ్మకు చేరే బంగారు రంగు కాగితాలు మడతపెడుతోంది. పదింటికి ఫిర్యాదీ వచ్చింది. బూడిదరంగు కోటు, చేతిలో చావు చదివింపుల తెల్ల కవరు. పాపను లాక్కుపోవడానికి రాలేదని చూడగానే తెలిసింది. అమ్మకు మొక్కడానికి వచ్చింది. పాప పుట్టినప్పుడు నెలంతా పెద్ద కుండలో అల్లం, తీపి వెనిగరు, పందికాళ్ళు ఉడికించి, దగ్గర కూర్చుని బాలింత పథ్యంగా ఈమెకు తినిపించింది మా అమ్మ. సౌలిన్ సొంత తల్లి ఒక్కరోజు కూడా రాలేదు. విడాకులు అయ్యాక కూడా సౌలిన్ ప్రతి కొత్త సంవత్సరానికి మా అమ్మకు ఫోను చేసేది. ఆ ఫోను నేను ఎత్తితే పెట్టేసి, మళ్ళీ చేసేది.

గుమ్మంలో ఏసీ గాలికి కోటు తొలగింది. లోపల నడుముకు ఎర్రగుడ్డ కట్టి ఉంది.

కడుపుతో ఉన్న మనిషి చావు దగ్గరికి పోక తప్పకపోతే పొట్టకు కట్టుకునే గుడ్డ అది. పట్టింపులు లేవన్న మనిషి కట్టుకుంది. భయపడుతూనే వచ్చిందన్నమాట. మా అమ్మ మీద అంత ప్రేమ ఉంది ఆమెకు. నా వెనకే పెట్టె, ధూపం, ఏడుపులు. గాజు తలుపుకు కాలు అడ్డం పెట్టాను.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"అత్తయ్యకి మొక్కి వెళ్ళిపోతాను. ఒక్క నిమిషం."

"ఎవరికి అత్తయ్య? మా ఇంటి మనిషివి కావు నువ్వు. పో."

మా అక్క లేచి వచ్చింది. "ఏంట్రా అది, రానీ. అమ్మకి ఈమె అంటే ప్రాణం."

"నువ్వు ఊరుకో అక్కా. ఈమె లోపల అడుగుపెడితే నేను బయటికి పోతా. కొడుకు లేకుండా కానిచ్చుకోండి."

సౌలిన్ నా మొహంలోకే చూస్తోంది. ఆమె నడుము వైపు నా చూపు పోకుండా నేను నేల చూస్తున్నాను. "పాపనైనా ఒకసారి పిలువు" అంది. నేను తలుపు వేసేశాను. వెనక్కి తిరిగితే పాప చేతిలో కాగితం సగం మడతతో అలాగే పట్టుకుని నన్ను చూస్తోంది.

మెల్లగా చెప్పి ఉండొచ్చుగా అన్నారు మిస్ షమ్. ఉండొచ్చు. నా భుజం పక్కన మేనత్తలు ఇద్దరూ చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. పైగా పాతికేళ్ళుగా రోడ్డు మీద బతుకుతున్నవాణ్ణి, తొందర్లో నా నోట మెత్తటి మాట రాదు. మెత్తగా చెబితే ఆమె వినేది కూడా కాదు, నన్ను తప్పించుకుని లోపలికి వెళ్ళేది. గట్టిగా కొడితేనే వెనక్కి పోతుందని కొట్టాను. చేత్తో కాదు. చేత్తో కొట్టినా అంత తగిలేది కాదేమో.

8. అంత్యక్రియలు అయిపోయాయి. పంపరపనస ఆకుల నీళ్ళతో నేనూ పాపా స్నానం చేశాం, మైల తీరింది. మరుసటి శనివారం పది గంటలకు పాపతో ఆ గుమ్మంలో ఉన్నాను. తలుపు తీసింది ఆమె భర్త పాంగ్. "సౌలిన్ ఆస్పత్రిలో ఉంది" అన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి. నేను అడగలేదు, అతను చెప్పలేదు. మూడు నెలలు నిండబోతుండగా కడుపు పోయిందని ఆదివారం తిరిగి తెచ్చుకున్నప్పుడు పాపే చెప్పింది.

ఎందుకు పోయిందో డాక్టర్లకే తెలియాలి. హాలు గుమ్మం దాకా వచ్చినందుకు అని ఒకసారి అనుకుంటాను. నేను అన్న మాటలకు ఏడ్చి ఏడ్చి అని ఇంకోసారి అనుకుంటాను. ఈ రెండు ఆలోచనలూ నా తలలో వంతులేసుకుని షిఫ్టులు చేస్తున్నాయి. వాటికి సెలవు రోజు లేదు.

అయ్యా, నా గోడు ఇంతవరకే అయితే ఈ అర్జీ రాసేవాణ్ణి కాదు. పాప సంగతి విన్నవించుకుంటాను. ఆ ఆదివారం నుంచి అన్నం గిన్నె ముందు కూర్చుని లేచిపోతోంది. క్లాసులో నోరు విప్పడం లేదని టీచరు ఫోను చేసింది. ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, బాబు అలిగి వెళ్ళిపోయాడు."

"అలా ఏం ఉండదు తల్లీ."

"ఉంటుంది. మమ్మీ చెప్పింది. బామ్మ కూడా చెప్పేది. నేను ఇంకెవరికీ చెప్పలేదు. నీకొక్కడికే చెప్పాను."

నా చేతిలో తడి చొక్కా ఉంది. అవన్నీ ఉత్త మాటలని చెప్పబోయాను, నోరు రాలేదు. ఉత్త మాటలైతే ఐదు శనివారాలు నేనేం చేసినట్టు? బామ్మ మైలకు మమ్మీ కడుపుకు ముప్పు ఉందని తండ్రి నమ్మితే నమ్మొచ్చు, నోరు జారితే బాబు పోతాడని కూతురు నమ్మకూడదా? చొక్కా తీగ మీద వేసి లోపలికి పోయాను. నా జన్మలో అంత పిరికిపని ఇంకోటి చేయలేదు.

9. మిస్ షమ్ ఇదంతా విని కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇది గెలిచే కేసు మోక్ గారూ. ఆమె మేలు కోరే చేశారు. న్యాయమైన కారణం అంటే ఇంతకంటే ఏం కావాలి? అయితే ఒకటి. ఆమె గర్భవతి అని మీకెలా తెలుసో జడ్జీగారు ముందు అడుగుతారు. ఎర్రగుడ్డ ఐదో వారం కదా. మొదటి నాలుగు వారాల మాటేంటి?"

"పాప చెప్పింది."

"అయితే సంక్షేమాధికారి పాపను కూర్చోబెట్టి మెల్లగా అడుగుతారు. అంతే. అరగంట కూడా పట్టదు."

"అడిగితే చెబుతుందమ్మా. చెప్పి, మళ్ళీ చెప్పాను కదా, ఈసారి ఇంకేం పోతుందో అని చూస్తూ కూర్చుంటుంది."

ఆవిడ ఫైలు మూసేశారు. తర్వాత, "చెప్పకపోతే మిమ్మల్ని జైలుకు పంపొచ్చు. పాపని కూడా పోగొట్టుకోవచ్చు. ఇది తెలుసు కదా?" అన్నారు. తెలుసన్నాను.

పైగా ధిక్కారం కేసు గదిలో కాక బహిరంగ కోర్టులో నడుస్తుందట. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చునట. మొదటి వాయిదాకే ఫిర్యాదీ ఇప్పటి అత్తగారు, పాంగ్ తల్లి, వచ్చి వరండాలో నా ఎదురు బెంచీ మీద కూర్చుంది. పక్కావిడతో చెబుతోంది, నాకు వినబడేంత గొంతుతో. "మా వాడికి ఏం దొరికిందంటే ఇది దొరికింది. మూడేళ్ళయింది, కడుపు లేదు కాకరకాయ లేదు. ఉన్న ఒక్క పిల్ల కోసం కోర్టుల చుట్టూ తిప్పుతోంది మమ్మల్ని." సౌలిన్ పక్కనే ఉంది. ఆ మాటకు తల ఎత్తలేదు, బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ ఉంది. భార్యాభర్తలు ఆ ముసలావిడకు కూడా చెప్పలేదన్నమాట. కడుపు పోయిన సంగతి సౌలిన్ అఫిడవిట్‌లో కూడా ఎక్కడా లేదు. రాస్తే నాకు శిక్ష ఇంకా గట్టిగా పడుతుంది కదా, అయినా రాయలేదు. తల్లి దాచుకున్నదాన్ని నా తప్పు కప్పుకోవడానికి నేను నలుగురిలో విప్పలేను.

10. కావున ప్రార్థించునది ఏమనగా:

నా కారణమును జడ్జీగారు తలుపులు వేసుకుని ఒక్కరే విని, నమ్మితే నమ్మి, లేకపోతే లేదని, అది ఏ కాగితం మీదా రాయకుండా నిర్ణయం చేయవలెను. ఫిర్యాదీకి గాని, ఆమె లాయరుకు గాని ఇందులో ఒక్క అక్షరం పోరాదు.

పాపను సంక్షేమాధికారి గాని మరెవరు గాని ఏమీ అడగరాదు. ఏం తిన్నావు, ఏం చదివావు అని అడగవచ్చును.

పాపను నా దగ్గరి నుంచి తీసివేయరాదు. ఇది కారణం లేకుండా అడుగుతున్నాను. బామ్మ పోయాక మా ఇంట్లో నాకున్నది ఆ పిల్ల ఒక్కతే, ఆ పిల్లకు ఉన్నది నేనొక్కడినే.

చెప్పుకోవలసినది చెప్పుకున్నాను. తప్పులున్న మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మోక్ కామ్‌ఫాయ్

తాజా కలం: ఇది సాయంత్రం స్టాండులో స్టీరింగు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మధ్యాహ్నం ఈ అర్జీ పట్టుకుని కోర్టు కౌంటరు దగ్గరికి పోయాను. అక్కడి అమ్మాయి విషయం అన్న వరుస చదివి, కవరు మళ్ళీ నా వైపే జరిపింది.

"సార్, ఒకరు రాసింది రెండో వాళ్ళకి పోకుండా జడ్జీగారికి పోదు. రహస్యం ఉత్తరాలు తీసుకోం."

"ఈ ఒక్కటీ తీసుకోమ్మా."

"రేపు ఆవిడ కూడా ఒకటి తెస్తుంది. మీ గురించి అందులో ఏముందో మీకు చెప్పకుండా జడ్జీగారికి ఇచ్చేస్తే ఒప్పుకుంటారా?"

ఒప్పుకోను. ఆ పిల్ల మాటలో న్యాయం ఉంది. కాబట్టి ఈ అర్జీ తమకు చేరదు. మా బిల్డింగు కింద కాగితాలు కాల్చే తగరపు డబ్బా ఉంది. అందులో అమ్మ పేరు చెప్పి కాల్చేస్తాను. ఇంత రాశాను కాబట్టి ఎవరో ఒకరు చదవాలి.

కోర్టు నుంచి నేరుగా స్కూలుకు పోయి పాపను తెచ్చుకున్నాను. దారిలో అన్నాను.

"ఆ రోజు బండిలో నాకేదో చెప్పానన్నావే. నేను ఏమీ వినలేదు."

"విన్నావు. ఊఁ అన్నావు."

"అప్పుడు రేడియోలో గుర్రప్పందెం వస్తోంది. ఊఁ అన్నది గుర్రానికి."

కొంచెం దూరం నడిచింది. "మరి నన్ను మమ్మీ దగ్గరికి ఎందుకు పంపలేదు? బాబు కోసం కాదా?"

"ఏ బాబు? మీ అమ్మ మీద కోపం నాకు. ఇంకో పెళ్ళి చేసుకుందని. బామ్మ పోయాక ఇంకా పెరిగింది."

"హాల్లో తలుపు వేసేశావే, అది?"

"అదీ కోపమే."

"ఒట్టు?"

"జడ్జీగారే కాగితం మీద రాస్తారు. వచ్చాక నీకు చూపిస్తాను."

"అంటే నేను ఎవరికీ చెప్పలేదన్నమాట."

"ఎవరికీ చెప్పలేదు."

కనుక రేపు తమకు ఇచ్చే కాగితంలో ఇంతే ఉంటుంది. ఐదు శనివారాలు పంపనిది నిజము. ఫిర్యాదీ మీద ద్వేషమే అందుకు కారణము, వేరే కారణమేమియు లేదు. తీర్పులో ద్వేషం అన్న మాట తప్పక పడునట్లు చూడవలెను. చదవడం వచ్చిన పిల్ల, మాట లేకపోతే వెతుకుతుంది. సౌలిన్‌ను క్షమాపణ అడగమని మిస్ షమ్ అన్నారు. అడుగుతాను, అందులో మాత్రం అబద్ధం ఉండదు. పాపను అటే పంపమని తీర్పు వస్తే, గుమ్మం వరకు నేనే తీసుకెళ్ళి అప్పగిస్తాను.

ఇంటికి చేరేదాకా పాప నా చెయ్యి పట్టుకోలేదు. మెట్ల దగ్గర ఆగి, "నువ్వు చాలా చెడ్డ నాన్నవి" అంది. లోపలికి పోయి, మా అక్క వచ్చి వండిపెట్టిన అన్నం రెండు గిన్నెలు తిని, ఇంకా ఉందా అని అడిగింది.